రంగు తెలియని గద్దకు పేరు చెప్పడం: తోక, రెక్క, మెడ

మీరు అడిగినవి రెండు. మేడ మీద నుంచి చూస్తే ఎగిరే గద్దలన్నీ నల్లగా ఒకేలా కనిపిస్తున్నాయి, రంగు తెలియకుండా ఏది ఏదో చెప్పగలమా అన్నది ఒకటి. హాలు కిటికీ అద్దానికి పిట్టలు వచ్చి కొట్టుకుంటున్నాయి, ఆన్‌లైన్‌లో అమ్మే నల్ల గద్ద స్టిక్కర్ అంటిస్తే ఆగుతాయా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: చాలావరకు చెప్పొచ్చు. రెండోదానికి: ఆగవు. ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం ఉంది, చివర్లో చెప్తాను.

పుస్తకాల్లో, యాప్‌లలో రంగుల బొమ్మలు చూసి చూసి, ఆకాశంలో కూడా మనం రంగు కోసమే వెతుకుతాం. కానీ పక్షి నెత్తి మీద ఎగురుతుంటే ఎండ పడేది దాని వీపు మీద. మనకు కనిపించేది నీడలో ఉన్న పొట్ట, దాని వెనక కళ్లు చెదిరే ఆకాశం. అలాంటప్పుడు ఇటుక రంగు గరుడ పక్షి అయినా, మట్టి రంగు గద్ద అయినా నల్లగానే ఉంటుంది. పొద్దున్నే, లేదంటే సాయంత్రం పొద్దు వాలాక, సూర్యుడికి వీపు పెట్టి చూస్తే రంగు కొంత తెలుస్తుంది. కానీ గద్దలు ఎక్కువగా గాల్లోకి లేచేది నేల వేడెక్కి వేడిగాలి పైకి లేస్తున్నప్పుడు, అంటే తొమ్మిదీ పదీ దాటాక. రంగు తెలిసే వేళకు పక్షులు ఉండవు, పక్షులు ఉన్న వేళకు రంగు తెలియదు. కాబట్టి ఆకారం నేర్చుకోక తప్పదు.

ఈ పద్ధతి పాతదే. 1934లో అమెరికన్ చిత్రకారుడు రోజర్ టోరీ పీటర్సన్ తన ఫీల్డ్ గైడ్‌లో పక్షులను సాదా బొమ్మలుగా గీసి, ఎక్కడ చూడాలో అక్కడ చిన్న గీత పెట్టి చూపించాడు. ఆ తర్వాత వచ్చిన గైడ్లన్నీ ఏదో ఒక రకంగా ఆయన దారిలోనే నడిచాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో మామూలు జనం కూడా నల్లటి విమానాల బొమ్మలున్న కార్డులు చూసి, ఏది తమ విమానమో ఏది శత్రువుదో నేర్చుకున్నారు. ఇంజన్లు ఎన్ని, రెక్క చివర గుండ్రంగా ఉందా కోసుగా ఉందా, తోక ఎలా ఉంది అని చూసేవాళ్లు. గద్ద విషయంలో మనం అడిగేవీ ఆ ప్రశ్నలే, ఇంజన్లు తప్ప.

మొదలుపెట్టేటప్పుడు పది పక్షుల బొమ్మలు ఒకేసారి బట్టీ పట్టొద్దు. ఒక్క పక్షిని క్షుణ్ణంగా నేర్చుకోండి. అది మన ఊళ్లలో చికెన్ షాపుల దగ్గర, చెత్త డంపింగ్ యార్డుల మీద తిరిగే మామూలు గద్ద. పొడవు దాదాపు 60 సెంటీమీటర్లు, రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటిన్నర మీటరు. పట్నంలో మీకు కనిపించే పెద్ద పక్షుల్లో ఎక్కువ భాగం ఇవే. దీన్ని అన్ని భంగిమల్లోనూ గుర్తుపట్టగలిగితే, మిగతా ఏ పక్షి వచ్చినా "ఇది గద్ద కాదు, ఎందుకు కాదు?" అని అడగొచ్చు. సగం పని అక్కడే అయిపోతుంది.

దీని గుర్తు తోక. పొడవైన తోక చివర మధ్యలో నొక్కు ఉంటుంది, రెండు మూలలు బయటికి పొడుచుకు వస్తాయి. ఇది అందరూ చెప్పేదే. అందరూ చెప్పని సంగతి ఏమిటంటే, ఆ నొక్కు ఎప్పుడూ కనిపించదు. గద్ద వేడిగాలి మీద గుండ్రంగా తిరుగుతూ తోకను పూర్తిగా విప్పిందంటే నొక్కు పోయి చివర దాదాపు తిన్నగా అవుతుంది, తోక త్రిభుజంలా కనిపిస్తుంది. పిల్ల గద్దల్లో నొక్కు మొదటి నుంచీ తక్కువే. ఈకలు రాల్చే కాలంలో మధ్య ఈకో పక్క ఈకో ఊడిపోయి తోక ఎలా పడితే అలా ఉంటుంది. కొత్తవాళ్లు "నొక్కు లేదు, కాబట్టి ఇది గద్ద కాదు" అని ఫొటో పెట్టేది ఎక్కువగా ఇలాంటప్పుడే. అలా తీర్పు ఇచ్చేముందు కాసేపు ఆగండి. అది తిరగడం ఆపి ఒక దిక్కుకు జారుతుంది. అప్పుడు తోక ముడుస్తుంది, నొక్కు బయటపడుతుంది.

నొక్కు కంటే నేను ఎక్కువ నమ్మేది తోక కదలికను. గద్ద ఎగురుతున్నంతసేపూ తోకను ఒక పక్కకు, మళ్లీ ఇంకో పక్కకు మెలి తిప్పుతూనే ఉంటుంది, పడవకు చుక్కాని తిప్పినట్టు. కరెంటు తీగల మధ్య, జనం మధ్య మాంసం ముక్క ఎత్తుకుపోయే పక్షికి ఆ చుక్కాని అవసరం. రెక్కలు కూడా తిన్నగా ఉండవు. మణికట్టు దగ్గర వంగి, చివరలు కొంచెం వెనక్కి వాలి ఉంటాయి. దూరంగా చిన్న చుక్కలా ఉన్నప్పుడు కూడా ఈ వంపు, ఈ తోక మెలిక తెలుస్తాయి. పుస్తకంలోని నల్ల బొమ్మ కదలదు కాబట్టి ఇది అందులో దొరకదు.

ఇప్పుడు గరుడ పక్షి. తెల్ల తల, ఇటుక రంగు ఒళ్లు ఉన్న పెద్ద పక్షిని ఎవరైనా చెప్తారు, పెద్దవాళ్లు చూడగానే దణ్ణం కూడా పెడతారు. చిక్కంతా దాని పిల్లతో. పిల్ల గరుడ మట్టి రంగులో ఉంటుంది, రంగులో గద్దకూ దానికీ తేడా తేల్చడం కష్టం. కానీ ఆకారంలో గందరగోళం లేదు. గరుడ పక్షి తోక చివర గుండ్రంగా ఉంటుంది, నొక్కు ఉండదు, తోక కూడా పొట్టి. రెక్కలు గద్ద కంటే పొట్టిగా వెడల్పుగా ఉంటాయి. చెరువులు, కాలువలు, సముద్ర తీరం దగ్గర ఉండేవాళ్లకు ఇది రోజూ పనికొచ్చే తేడా. కాకినాడ, మచిలీపట్నం వైపు చేపల రేవుల దగ్గర రెండూ కలిసే తిరుగుతాయి, అక్కడ ఒక ఉదయం కూర్చుంటే తేడా చేతికి వచ్చేస్తుంది.

తోక తర్వాత చూడాల్సింది రెక్కలను ఎలా పట్టుకుందో. పక్షి మీ వైపు వస్తున్నప్పుడు గానీ, మీ నుంచి వెళ్లిపోతున్నప్పుడు గానీ, ఎదురుగా చూడండి. రెక్కలు బల్లపరుపుగా ఉన్నాయా, కొంచెం కిందికి వాలాయా, పైకి లేచి ఇంగ్లిషు వీ అక్షరంలా ఉన్నాయా? గద్దకు దాదాపు బల్లపరుపు, ఒక్కోసారి కొంచెం కిందికి వంపు. పొలాల మీద, గడ్డి మీద బాగా కిందుగా, వీ ఆకారంలో రెక్కలు ఎత్తిపట్టి, ఇటూ అటూ తూలుతూ పోయే సన్నటి పక్షి చలికాలంలో కనిపిస్తే అది హారియర్ జాతి. ఇవి మధ్య ఆసియా వైపు నుంచి శీతాకాలానికి వస్తాయి. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాల్లో, 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేసిన చోట, రాత్రికి ఇవి గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. సాయంత్రం అక్కడ నిలబడితే ఒకదాని తర్వాత ఒకటి దిగడం చూడొచ్చు, వీ ఆకారం జీవితంలో మర్చిపోరు. వాటిలో ఏ హారియర్ అన్నది మాత్రం నల్ల ఆకారంతో తేల్చొద్దు. వరి మడుల మీద తిరిగే పెద్దది, రెక్కలు వెడల్పుగా ఉన్నది మార్ష్ హారియర్ అనుకోవచ్చు. మిగతా సన్నవాటికి వెలుతురు కావాలి.

నల్లమల, శేషాచలం కొండల మీద అరుస్తూ గుండ్రంగా తిరిగే వెడల్పు రెక్కల పక్షి కూడా రెక్కలు కొంచెం పైకి ఎత్తుతుంది. అది పాములు తినే సర్పెంట్ ఈగిల్. దీనికి ఒక సౌకర్యం ఉంది: రెక్కల వెనక అంచుకు దగ్గరగా తెల్ల పట్టీ ఉంటుంది, తెల్ల ఈకల గుండా వెలుతురు దిగి వస్తుంది కాబట్టి, మిగతా పక్షి నల్లగా ఉన్నా పట్టీ మాత్రం వెలుగుతుంది. ఎదురెండలో కూడా పనికొచ్చే రంగు గుర్తులు ఇలాంటివే, లెక్కలో తక్కువ.

పరిమాణం గురించి హెచ్చరిక. ఖాళీ ఆకాశంలో "పెద్దది", "చిన్నది" అన్న మాటను నమ్మకండి, మీ సొంత మాటైనా సరే. దూరం తెలియకుండా సైజు తెలియదు. దీనికి కాకుల సాయం తీసుకోండి. కాకి పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు, ఏ వేటపక్షి కనిపించినా కాకులు వెంటపడి తరుముతాయి. పక్కన కాకి ఉందంటే స్కేలు దొరికినట్టే. కాకి కంటే చిన్నదాన్ని కాకులు తరుముతుంటే, దాని రెక్కలు పొట్టిగా గుండ్రంగా, తోక పొడవుగా ఉంటే, అది జాలె డేగ కావడానికే అవకాశం ఎక్కువ. పావురం అంత పక్షి. నాలుగైదు సార్లు గబగబా రెక్కలు కొట్టి, కొంచెం జారి, మళ్లీ కొడుతుంది. ఇళ్ల మధ్య చెట్లలో కూడా గూడు పెడుతుంది కాబట్టి మీ మేడకు ఇది తప్పకుండా వస్తుంది.

అయితే జాలె డేగ ఆకారాన్ని అచ్చు దించిన పక్షి ఇంకోటి ఉంది. అది కోకిల జాతిది, ఎండాకాలంలో పగలూ రాత్రీ గొంతు పెంచుకుంటూ అరిచే హాక్ కుక్కూ. పొడవు తోక, అదే రంగు గీతలు, ఆ కొట్టి జారే ఎగురుడు కూడా దాదాపు అంతే. చిన్న పిట్టలు కూడా దాన్ని చూసి అరిచి గోల చేస్తాయి. బాబ్లర్ అనే పిట్టల గూళ్లలో దొంగచాటుగా గుడ్డు పెట్టే పక్షికి ఆ వేషం పనికొస్తుందని శాస్త్రవేత్తల అంచనా. మనకు తేడా తెలిసేది అది కొమ్మ మీద వాలాక: డేగ ముక్కు పొట్టిగా కొక్కెంలా వంగి ఉంటుంది, దీని ముక్కు ముందుకు పొడుచుకు వచ్చి దాదాపు తిన్నగా ఉంటుంది. డేగ కొమ్మ మీద నిటారుగా కూర్చుంటుంది, ఇది వాలి కూర్చుంటుంది.

రెక్క చివరలు వేళ్లలా విడిపోకుండా ఒకే కోసుగా ఉంటే ఫాల్కన్ జాతి. గాల్లో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడిపోతే మీ ముందు రెండు పేర్లు ఉన్నాయి: తోక పొడవుగా సన్నగా ఉంటే చలికాలపు కెస్ట్రెల్, తోక పొట్టిగా తల పెద్దగా ఉండి, జారేటప్పుడు రెక్కలు వీ లాగా ఎత్తితే నల్ల రెక్కల చిన్న గద్ద, పొలాల పక్క కరెంటు తీగల మీద తెల్లగా కూర్చునేది. నీటి మీద నిలబడితే మాత్రం ముందు మచ్చల బుచ్చిగాడు అనే లకుముకి పిట్ట కాదేమో చూడండి, పొడవాటి ముక్కే చెప్పేస్తుంది.

తేనెపట్టుల చుట్టూ తిరిగే హనీ బజర్డ్ గద్దకు దగ్గరగా కనిపిస్తుంది, కానీ మెడ సన్నం, తల చిన్నది. పెద్ద ఒంటికి పావురం తల తగిలించినట్టు ఉంటుంది. ఇది కూడా అచ్చం ఆకారంతోనే తేలే పక్షి, ఎందుకంటే దీని రంగు ఒక్కో పక్షికీ ఒక్కోలా ఉంటుంది.

రాబందులు. "మా ఊళ్లో రాబందు చూశాను" అంటూ వచ్చే ఫొటోల్లో దాదాపు అన్నీ గద్దలే. రాబందు రెక్క తలుపు పలకంత వెడల్పు, చివర ఈకలు వేళ్లలా విడివిడిగా, తోక మరీ పొట్టి, తల లోపలికి దాచుకున్నట్టు ఉంటుంది. తోక పొడవు రెక్క వెడల్పు కంటే బాగా తక్కువ ఉందంటే ఉత్సాహపడొచ్చు. 1990ల నుంచి పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వీటి ప్రాణాలు తీసింది. పశువులకు దాన్ని వాడకుండా 2006లో దేశంలో నిషేధం పెట్టారు. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట కొండచరియల మీద పొడవు ముక్కు రాబందులు 2013లో వెలుగులోకి వచ్చాయి. ఆ వైపు వెళ్లినవాళ్లు మాత్రం పైకి చూస్తూ నడవాలి. తెల్ల రాబందు వేరు: తోక చివర మధ్యలో పొడుచుకు వచ్చిన మూలలా ఉంటుంది, గద్ద తోకకు పూర్తిగా తిరగేసినట్టు. దాని పిల్ల ముదురు గోధుమ రంగులో ఉండి అందరినీ మోసం చేస్తుంది, కానీ తోక మోసం చేయదు.

వేటపక్షులు కాని పెద్దవాటికి మెడ చాలు. కొంగలు, తెల్ల కొంగలు, నారాయణ పక్షి మెడ మడిచి, కాళ్లు వెనక్కి చాచి ఎగురుతాయి. నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ మెడ ముందుకు చాచి ఎగురుతాయి. నేలపట్టులో, ఉప్పలపాడులో కనిపించే గూడబాతు మెడ మడుస్తుంది, కానీ కాళ్లు కనిపించవు, ఒళ్లు పడవలా ఉంటుంది. నీటికాకులు మెడ చాచి వరసలో గబగబా రెక్కలు కొడుతూ పోతాయి. పులికాట్‌లో రాజహంసలు అయితే ముందు మెడ, వెనక కాళ్లు రెండూ సన్నగా పొడవుగా సాగి ఉండి, మధ్యలో రెక్కలు కనిపిస్తాయి. దాన్ని ఒకసారి చూస్తే మరి పొరబడరు. మునిమాపు వేళ తోక అసలు లేకుండా, రెక్క వెనక అంచు వంపులు వంపులుగా ఉన్నది పక్షి కాదు, గబ్బిలం. ఈ ప్రశ్న కూడా తరచుగా వస్తుంది.

అభ్యాసానికి ఒక్క సలహా: గీయండి. బొమ్మ బాగుండక్కర్లేదు. చిన్న నోటుబుక్కులో తోక చివర, రెక్క చివర, ఎదురుగా చూసినప్పుడు రెక్కల కోణం, ఈ మూడే గీతలు. గీయాలనుకున్నప్పుడే కన్ను నిజంగా చూస్తుంది. ఫోన్‌తో ఫొటో తీస్తే, తెర మీద పక్షిని నొక్కి వెలుతురు పెంచండి. ఆకాశం తెల్లబోయినా ఫర్వాలేదు, పొట్ట కింది గుర్తులు కొన్ని బయటికి వస్తాయి. బైనాక్యులర్ కొంటే 8×42 తీసుకోండి, 10 రెట్లవి చేతిలో వణుకుతాయి, ఎగిరే పక్షిని పట్టుకోవడం కష్టం. సూర్యుడి దగ్గరగా వెళ్లే గద్దను మాత్రం బైనాక్యులర్‌తో వెంబడించకండి, కన్ను పోతుంది. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు.

పేరు తేలకపోతే "వేటపక్షి, జాతి తెలియదు" అని రాయండి. చూసిన పక్షులను జనం నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో దానికి విడిగా ఎంట్రీ ఉంది. ఆకారం చూసి గట్టిగా చెప్పలేని చోట ఊహించి రాసిన పేరు, తర్వాత ఆ లెక్కలు వాడేవాళ్లకు పెద్ద తలనొప్పి.

ఇక మీ కిటికీ. 1937లో ఆస్ట్రియాలో జంతువుల ప్రవర్తనను పరిశోధించే కొన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్ ఒక అట్టముక్కతో ప్రయోగం చేశారు. ఒక వైపు పొట్టిగా, ఇంకో వైపు పొడవుగా ఉన్న రెక్కల బొమ్మ అది. పొట్టి వైపు ముందుకు ఉంచి లాగితే పొట్టి మెడ, పొడవు తోక, అంటే డేగ. తిప్పి లాగితే పొడవు మెడ, పొట్టి తోక, అంటే బాతు. డేగలా పోయినప్పుడు పక్షి పిల్లలు ఎక్కువ భయపడ్డాయని వాళ్లు చెప్పారు. పుట్టుకతోనే డేగ ఆకారం తెలుసు అన్న మాట దాన్నుంచే ప్రచారంలోకి వచ్చింది. కానీ 1961లో వోల్ఫ్‌గాంగ్ ష్లీట్ టర్కీ కోళ్ల మీద పరీక్షించి చూపింది వేరు: పిల్లలు ఏ ఆకారాన్ని తరచూ చూస్తాయో దానికి అలవాటుపడతాయి, అరుదుగా కనిపించేదానికి భయపడతాయి. మీ స్టిక్కర్ కథ అందులోనే ఉంది. అద్దం మీద కదలకుండా ఏళ్లతరబడి అంటుకుని ఉన్న గద్ద బొమ్మ పిట్టకు గద్ద కాదు, ఒక నల్ల మచ్చ. ఆ మచ్చను తప్పించుకుని పక్కనున్న ఖాళీ అద్దానికి కొట్టుకుంటుంది.

ముందు మీ పిట్టలు ఏం చేస్తున్నాయో చూడండి. వేగంగా వచ్చి ఒక్కసారి ఢీకొని పడిపోతున్నాయా? అయితే అద్దంలో కనిపించే చెట్టును, ఆకాశాన్ని దారి అనుకుంటున్నాయి. లేక అదే పిట్ట పదేపదే వచ్చి ముక్కుతో పొడుస్తోందా? అది తన ప్రతిబింబాన్ని వేరే పిట్ట అనుకుని పోరాడుతోంది, గూడు కట్టే కాలం అయ్యాక అదే ఆపేస్తుంది. అప్పటిదాకా అద్దానికి బయటివైపు పాత దుప్పటో పేపరో కట్టండి చాలు. ఢీకొనేవాటికి మాత్రం అద్దం మొత్తం మీద, అడ్డంగా నిలువుగా 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున చిన్న తెల్ల చుక్కలు కావాలి. గద్ద బొమ్మలే కావాలంటే అవీ పనిచేస్తాయి, అంతే దగ్గరగా అద్దమంతా నింపితే. దేన్ని అంటించినా అద్దానికి బయటివైపు అంటించండి, లోపలివైపు అంటిస్తే ప్రతిబింబం దాన్ని మింగేస్తుంది. ఈలోగా ఏదైనా పిట్ట కొట్టుకుని పడితే నీళ్లు తాగించకండి. గాలి ఆడేలా రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా, చప్పుడు లేని చోట ఒక గంట ఉంచి, ఆరుబయట మూత తీయండి. ఎగరలేకపోతే పశువుల డాక్టర్‌కు గానీ అటవీశాఖకు గానీ ఫోన్ చేయండి.